గోధుమల నుండి గ్రంథాలకు

నల్లగొండ, పాలమూరు మెట్టనేలల విద్యార్థికి అమెరికా అధ్యయనముతో పనియేమి అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ సంబంధము తిండిగింజలతో ముడిపడినదే. 1954 నాటి పి.ఎల్.480 అను అమెరికా చట్టము ప్రకారము మనము తెప్పించుకొన్న గోధుమలకు వెల డాలర్లలో గాక రూపాయలలో చెల్లించితిమి. ఆ సొమ్ములో కొంత ఇచ్చటనే విద్యకు వినియోగమైనది. 1964లో ఉస్మానియా ఆవరణలో వెలసిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌కు అట్టి నిధులే ఊతము. అచ్చటి గ్రంథాలయమునకు, సదస్సులకు దేశము నలుమూలల నుండి అధ్యాపకులు వచ్చెడివారు. అనంతరము ఆ సంస్థ పేరును, పోషణయు మారినవి.

ఇక ఉద్యోగముల మాట. ఈ అధ్యయనము పేరిట ప్రత్యేకమైన కొలువులు మనకు అరుదు. ఆంగ్లము, చరిత్ర, రాజనీతి శాఖలలోనే దీనికి తావు. కావున ముందుగా అందొకదానిలో పట్టు సాధించి, నెట్ లేదా సెట్ గట్టెక్కి, పిదప అమెరికాను పరిశోధనాంశముగా గైకొనుట మేలు. 1950లో మొదలై 2008లో ఫుల్‌బ్రైట్-నెహ్రూ పేరు దాల్చిన ఉపకార వేతనములు అట్టివారికి అక్కరకు వచ్చును.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయము వెలసిన పిదప తొలిమెట్టు మన ముంగిటనే ఉన్నది. ఎక్కవలసినది మన పిల్లలే.