అప్పు చేసి కొన్న ఫ్లాటుకు అద్దె ఆసరా అవుతుందా?

రెండో ఫ్లాటు కొనాలనుకునే ఉద్యోగుల ఇళ్లలో తరచూ వినిపించే మాట, "సగం వాయిదా అద్దే కట్టేస్తుంది" అని. ఆ ధీమాను ఒకసారి కాగితం మీద పెట్టి చూడాలి. హైదరాబాద్‌లో ఫ్లాటు ఏడాది అద్దె సాధారణంగా దాని ధరలో 3, 4 శాతం మించదు. 75 లక్షల ఫ్లాటుకు నెలకు 20 వేలు వస్తుందనుకుందాం. ఏడాదికి 2.4 లక్షలు. అద్దెకున్నవారు మారినప్పుడు ఒక నెల ఖాళీ, రంగులు, రిపేర్లు, ఇంటి పన్ను పోగా 2 లక్షలు మిగిలితే గొప్ప. కొన్న ధరలో 60 లక్షలు బ్యాంకు అప్పయితే, 8.5 శాతం వడ్డీ మీద 20 ఏళ్లపాటు నెలకు సుమారు 52 వేలు కట్టాలి. మొదటి ఏడాది వడ్డీయే 5 లక్షలు. చేతి నుంచి పెట్టిన 15 లక్షలకు తోడు రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం దాకా ఉంటుంది. ఆ సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చే వడ్డీనీ కలుపుకుంటే, మొదటి ఏళ్లలో ఫ్లాటు ధర ఏటా 5, 6 శాతం పెరిగితే గానీ గిట్టదు. అంటే అప్పుతో కొన్నవారు ఆధారపడుతున్నది ధర మీదే. ఆ మాట ముందే ఒప్పుకోవడం మంచిది.

అద్దె ఏటేటా పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. కానీ ఏటా 5 శాతం చొప్పున పెరిగినా 20 వేలు 52 వేలు కావడానికి 19 ఏళ్లు దాటుతుంది. అప్పటికి అప్పే తీరిపోవస్తుంది. పన్ను మినహాయింపు ఉందన్నది మరో వాదన. అద్దె ఆదాయంలో 30 శాతం తగ్గింపు, అప్పు వడ్డీకి మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే అద్దెను మించిన వడ్డీ నష్టాన్ని పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకానే జీతంలోంచి తీసేయొచ్చు. కొత్త విధానంలో ఆ వీలే లేదు.

అన్నిటికన్నా బలమైన వాదన భూమి ధరది. మన ఊళ్లలో భూమి కొని బాగుపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, కాదనలేం. కానీ ఫ్లాటులో మన పేరున ఉండేది కొద్ది గజాల అవిభాజ్య వాటా మాత్రమే. మిగతాది ఏటా పాతబడే కట్టడం. లిఫ్టు, పంపులు, డ్రైనేజీ అరిగే కొద్దీ ఖర్చూ పెరుగుతుంది. సొంత ఇంటి మీద ఇంకో పోర్షన్ వేసుకునేవారి లెక్క వేరు. పునాది తట్టుకుని, అనుమతి ఉంటే, 22 లక్షల ఖర్చుకు నెలకు 12 వేల అద్దె వచ్చినా ఆరున్నర శాతం గిట్టుతుంది. స్థలం మళ్లీ కొననక్కర్లేదు మరి.

అప్పుతో కొన్న ఫ్లాటులో అద్దెకూ వాయిదాకూ మధ్య ఉన్న ఈ లోటు చివరికి కిరాయికున్నవారి మీద పడటమే బాధ కలిగించే విషయం. వాయిదా భారం మోయలేని యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి సతాయిస్తాడు, ఏడాది తిరగకముందే అద్దె పెంచుతాడు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే దానికి బలం. ఫ్లాటు కొనాలనుకుంటే, బిల్డరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు అదే వీధిలో అద్దెకున్న నలుగురిని నెలకు ఎంత కడుతున్నారో అడగండి. ఆ అంకెతో మీ వాయిదాను పోల్చి చూశాకే సంతకం చేయండి.