ప్రాధాన్య విపర్యయము

గణనయంత్రమున నొకేసారి పెక్కు పనులు జరుగుచున్నట్లు తోచును. కాని ప్రాసెసరునందలి ఒక్కొక్క కోరు ఒక క్షణమున సామాన్యముగా నొక కార్యధారనే నడపును. ఈ ధారకే థ్రెడ్ అని వ్యవహారము. ఏ థ్రెడ్ ముందు నడువవలెనో నిర్ణయించునది ఆపరేటింగ్ సిస్టమునకు గర్భమైన కెర్నెల్. అందులకై అది ప్రతి థ్రెడ్‌నకు నొక ప్రాధాన్యసంఖ్యను కల్పించును. విండోసునందు 0 మొదలు 31 వరకు గల సంఖ్యలలో పెద్దది బలవత్తరము. వీఎక్స్‌వర్క్స్ నందు 0 మొదలు 255 వరకు గల సంఖ్యలలో 0యే సర్వోన్నతము.

అధికప్రాధాన్యము గలదానికి అగ్రస్థాన మిచ్చినంతనే ముఖ్యకార్యము ముందు జరుగునా? జరుగదనుటకు 1997 జూలై 4న అంగారకునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌకయే నిదర్శనము. దానియందు వీఎక్స్‌వర్క్స్ వాడబడినది. వాతావరణ వివరములను సేకరించు అల్పప్రాధాన్య థ్రెడ్ ఒక ఉమ్మడి సాధనమునకు తాళము వేసికొని పని చేయుచుండెను. సమాచారవాహికను నిర్వహించు అధికప్రాధాన్య థ్రెడ్‌నకు నా తాళమే కావలసివచ్చి వేచియుండెను. ఇంతలో మధ్యమప్రాధాన్య థ్రెడ్‌లు అల్పమైనదానిని ప్రక్కకు నెట్టి నడువసాగినవి. అల్పము కదలనిదే తాళము వీడదు. తాళము వీడనిదే అధికము నడువదు. ఇట్లు మధ్యమము ఉత్తమమును పరోక్షముగా నిరోధించినది. గడువులోగా పని ముగియకుండుటచే యంత్రము పలుమారులు పునరారంభమయ్యెను. ఆనాటి మిగిలిన పనులు మరునాటికి వాయిదా పడెను.

ఈ దోషమునే ప్రాధాన్య విపర్యయ మనవచ్చును. 1980లో లాంప్సన్, రెడెల్‌లు దీనిని వర్ణించిరి. 1990లో షా, రాజ్‌కుమార్, లెహోజ్కీలు దీని పరిహారమును శాస్త్రీయముగా నిరూపించిరి. తాళము గల అల్పథ్రెడ్, దానికై వేచియున్న అధికథ్రెడ్ యొక్క ప్రాధాన్యమును తాత్కాలికముగా పొందును. తాళము విడిచినంతనే స్వస్థానమునకు దిగును. దీనిని ప్రాధాన్యసంక్రమణ మనవచ్చును. పాత్‌ఫైండర్ నిర్వాహకులు భూమిపై నున్న ప్రతిరూపయంత్రమున దోషమును పునరుత్పాదించి గుర్తించి, ఈ సౌకర్యమును పనిచేయించు మార్పును అంగారకునికి పంపి సరిచేసిరి. ఆ సౌకర్యము వీఎక్స్‌వర్క్స్ నందు ముందే కలదు; ఆ తాళమునకు మాత్రము వర్తింపజేయబడలేదు.

వ్యాకరణమున ఉత్సర్గమును అపవాదము బాధించునని మనమెరుగుదుము. అచట సూత్రముల బలాబలములు నియతములు. ఇచట నట్లుగాదు: ఒకదాని బలము, దానికొరకు నిరీక్షించువారి బలమునుబట్టియు నిర్ణయింపబడవలెను. కావున ప్రాధాన్యమును సంఖ్యగా మాత్రమే కాక, పరస్పరాపేక్షనుబట్టి మారు సంబంధముగా గ్రహించుట యుక్తము.