ఎల్ల దాటితే వేరే పరీక్ష

కుప్పంలో రైలెక్కి ఒకవైపు పోతే బంగారుపేట, అది కర్ణాటక. రెండోవైపు పోతే జోలార్‌పేట, అది తమిళనాడు. మూడు చోట్లా తెలుగు మాట్లాడే ఇళ్లున్నవి. సంబంధాలు కలుపుకుంటారు, సంతలకు వచ్చిపోతారు. పదవ తరగతి దగ్గరకు వచ్చేసరికి మాత్రం వాళ్ల పిల్లలు మూడు లోకాల వాళ్లవుతారు.

వెనుక ఇంత చిక్కు లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వేరుపడేదాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే గనుక, కుప్పం కుర్రవాడూ, కృష్ణగిరి కుర్రవాడూ రాసింది ఒకే ఎస్.ఎస్.ఎల్.సి. ఆ పేరును తమిళనాడు, కర్ణాటక ఇప్పటికీ విడవలేదు. మనమే ఒక అక్షరం తగ్గించుకుని ఎస్.ఎస్.సి. అన్నాము!

మార్కుల లెక్క చూడండి. మనకు ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. తమిళనాడులో అయిదు, 500. కర్ణాటకలో ప్రథమభాషకు 125, తక్కిన అయిదింటికి నూరేసి, వెరసి 625. కాబట్టి పెళ్లిలో ఎవరైనా “మావాడికి 480 వచ్చినవండీ” అంటే, ఏ రాష్ట్రమని అడగక తప్పదు. హోసూరులో అది నూటికి 96, మదనపల్లెలో 80, కోలారులో 77కు కూడా చాలదు.

కర్ణాటకవారు 2024లో ఒకే ఏడాది మూడు పరీక్షలు పెట్టి, వాటిలో మెరుగైన మార్కులనే లెక్కకు తీసుకున్నారు. ఇది నాకు నచ్చింది. ఒకనాటి జ్వరం పిల్లవాడి ఏడాదిని మింగకూడదు గదా.

అసలు కష్టం భాష దగ్గర వస్తున్నది. కర్ణాటకలో తెలుగును ప్రథమభాషగా తీసుకోవచ్చు. మనవైపు తమిళ, కన్నడ మాధ్యమాల్లో పదవ తరగతి రాసే వీలున్నది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటో తరగతినుంచి ఏడాదికొక మెట్టుగా తప్పనిసరి చేస్తూ, 2016 నాటికి పదవ తరగతిని చేరింది. రాష్ట్రభాష నేర్వమనడం అన్యాయం కాదు. కాని తమిళం చెప్పే పంతులు లేని బడిలో చదివిన హోసూరు తెలుగు పిల్ల ఆ పేపరు ఎలా రాస్తుంది? మినహాయింపుకోసం తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ కోర్టు మెట్లెక్కారు. 2023లో సుప్రీంకోర్టు దానిని మరొక్క ఏడాదికి పొడిగించింది. ఏడాదికొకసారి దొరికే ఊరటను నమ్ముకుని పిల్ల ఏ పుస్తకం తెరవాలి?

వెస్టిండీస్ సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్, గయానా వేరువేరు దేశాలు, చాలావాటి నడుమ సముద్రం. ఒకప్పుడు ఇంగ్లండునుంచి వచ్చే ప్రశ్నపత్రాలకు జవాబులు రాసేవారు. 1972లో ఉమ్మడి పరీక్షామండలి పెట్టుకుని, 1979లో తొలి పరీక్ష జరిపారు. క్రికెట్ జట్టువలెనే పరీక్షా ఉమ్మడే! మార్కులకు బదులు ఒకటినుంచి ఆరుదాకా శ్రేణులు. మొదటి మూడూ వస్తే చాలు, ఏ దీవిలోనైనా విలువ ఒకటే. అలాగని అక్కడి పిల్లలకు బెంగ లేదనుకోకండి. ట్రినిడాడ్‌లో, జమైకాలో పదకొండేళ్ల పసివాడు రాసే పరీక్షే అతడు ఏ హైస్కూలుకు పోవాలో తేలుస్తుంది.

మూడు రాష్ట్రాలూ ఒకే ప్రశ్నపత్రం పెట్టుకుంటాయని నేననుకోను. కాని దక్షిణాది రాష్ట్రాల సహకారంతో 1997లో పుట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ కుప్పంలోనే వున్నది. మూడు రాష్ట్రాల మార్కులనూ, భాషల నిబంధనలనూ పక్కపక్కన చూపే పట్టిక ఒకటి ఏటా తెలుగు, తమిళ, కన్నడాల్లో అచ్చువేయిస్తే, పుంగనూరులో కాపురముండి కోలారులో కొడుకును చేర్పించదలచిన తండ్రి దానిని కొనుక్కుంటాడు.