పూచీ పడ్డవారికీ హక్కు ఉంది

ఒక ఊళ్ళో ఇద్దరు తోటికోడళ్ళు. చిన్నామె గేదెను కొనడానికి బ్యాంకులో అప్పు తీసుకుంది. పెద్దామె పూచీ పడింది. కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు. వేలిముద్ర వేసింది.

చిన్నామె కొన్ని వాయిదాలు కట్టి మానేసింది. ఇంకా 18 వేల రూపాయలు బాకీ ఉంది. పెద్దామెకు నోటీసు వచ్చింది.

"ఒక్క రూపాయి నేను వాడుకోలేదు గదా! నేనెందుకు కట్టాలి?" అని ఆమె ఏడ్చింది.

కట్టాల్సిందే. అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో, పూచీ పడ్డవారికీ అంతే బాధ్యత. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఈ మాట ఉంది.

పెద్దామె మెడలో గొలుసు అమ్మి బాకీ కట్టింది. ఆ డబ్బు పోయినట్టేనా?

పోలేదు. అదే చట్టం పూచీ పడ్డవారికి హక్కు కూడా ఇచ్చింది. కట్టిన డబ్బును అప్పు తీసుకున్నవారి దగ్గర వసూలు చేసుకోవచ్చు.

అందుకు ఏం చేయాలి?

డబ్బు కట్టిన ప్రతి రశీదు దాచుకోవాలి. రశీదే సాక్ష్యం.

ముందు మంచిగా అడగాలి. ఇస్తామంటే కాగితం మీద రాయించి, సంతకం తీసుకోవాలి.

ఇవ్వకపోతే కోర్టులో దావా వేయాలి. డబ్బు కట్టిన రోజు నుంచి 3 ఏళ్ళు దాటకూడదు.

లాయరు ఖర్చుకు భయపడవద్దు. జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవారికి, ఆదాయం ఎంత ఉన్నా, ఉచితంగా లాయరును ఇస్తారు.

పెద్దామె రశీదులు పట్టుకుని అక్కడికి వెళ్ళింది. లోక్ అదాలత్‌లో ఇద్దరికీ రాజీ కుదిరింది. చిన్నామె నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఇస్తోంది.

పెద్దామె ఇప్పుడు చదువు నేర్చుకుంది. కాగితం చదవనిదే సంతకం పెట్టదు.