కాపురం చెదరకముందే కౌన్సెలింగ్

ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే రెండోరోజుకే డాక్టరు దగ్గరికి తీసుకెళతాం. అదే భార్యాభర్తలు నెలల తరబడి మాట్లాడుకోకపోయినా, ఎదిగిన కొడుకు గది తలుపు వేసుకుని అన్నం మానేసినా ‘నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది’ అని ఊరుకుంటాం. విషయం ఖాజీ దగ్గరికో, పోలీస్ స్టేషనుకో చేరేసరికి పరిస్థితి చేయి దాటిపోతుంది.

సయోధ్య కోసం ఇతరుల సాయం తీసుకోవడం మనకు కొత్తేమీ కాదు. దంపతుల మధ్య సంబంధం చెడిపోతుందన్న భయం కలిగితే భర్త తరఫున ఒకరిని, భార్య తరఫున ఒకరిని మధ్యవర్తులుగా పెట్టుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా 35వ ఆయత్ చెబుతోంది. అంటే ఇరువైపుల మాటా వినాలన్నమాట. మనసుకు వచ్చే జబ్బులనూ మన పూర్వికులు చిన్నచూపు చూడలేదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీర ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటి గురించీ ఒకే గ్రంథంలో వివరించాడు.

కౌన్సెలర్ ఏం చేస్తారు?

కౌన్సెలర్ తీర్పు చెప్పే పెద్దమనిషి కాదు. సాధారణంగా ముందు ఒక్కొక్కరితో విడిగా, తర్వాత అందరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. గల్ఫ్ నుంచి భర్త పంపే డబ్బు భార్య చేతికి వెళ్లాలా, తల్లి చేతికి వెళ్లాలా అన్న తగువు ఒక్కరితో మాట్లాడితే తేలదు. అలాంటప్పుడు అత్తమామలనూ పిలుస్తారు. దీన్నే ఫ్యామిలీ థెరపీ అంటారు. 1950వ దశకంలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగులతోపాటు వారి కుటుంబసభ్యులనూ ఆవరణలోని గుడారాల్లో ఉంచి వైద్యం చేశారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో కుటుంబాల కోసమే ఒక ప్రత్యేక విభాగం ఉంది.

ఖర్చు లేకుండా ఎక్కడ?

ప్రైవేటు కౌన్సెలర్ల ఫీజులు అందరూ భరించలేరు. అయినా దారులున్నాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాల్లోనూ చూపించుకోవచ్చు.

తగువు కోర్టుదాకా వెళ్లేలా ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఫోను నంబరు 15100. కేసు కోర్టుకెక్కినా రాజీకి దారి మూసుకుపోదు. కుటుంబ న్యాయస్థానాలు మొదట రాజీకి ప్రయత్నించాలని 1984 నాటి చట్టమే చెబుతోంది.

దెబ్బలు తింటున్న సోదరీమణుల విషయం వేరు. అక్కడ ముందు కావలసింది రక్షణ, ఆ తర్వాతే రాజీ మాట. ‘సర్దుకుపో’ అని ఆమెను తిరిగి అదే ఇంటికి పంపడం సయోధ్య అనిపించుకోదు. 181కు ఫోను చేస్తే సఖి కేంద్రం ద్వారా కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సలహా, కొద్దిరోజుల ఆశ్రయం అందుతాయి.

వెళ్లేముందు అడగవలసినవి

ఫీజు ఉందా? ఉంటే పేదలకు తగ్గిస్తారా? మహిళా కౌన్సెలర్ ఉన్నారా? ఉర్దూ తెలిసినవారు ఉన్నారా? చెప్పిన విషయం బయటికి పొక్కకుండా చూస్తారా? ఇవి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. మానసిక చికిత్స పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఒక్కసారి వెళ్లి ఫలితం లేదని మానేయకండి. ఏళ్ల తరబడి పేరుకున్న కోపం ఒక్క పూటలో కరగదు కదా!

దిగులుతో కుంగిపోతున్నవారిని తావీజుల కోసం తిప్పుతూ వైద్యాన్ని వాయిదా వేయడం మంచిది కాదు. దుఆ చేద్దాం, చికిత్సా చేయిద్దాం. జబ్బు చేస్తే మందు వాడమని దైవప్రవక్త (స) బోధించారు కదా.

ఇక మసీదు కమిటీలకు ఒక మనవి. నమాజు వేళల పలక పక్కనే 14416, 181, 15100 నంబర్లు రాసి పెట్టండి. జుమా ప్రసంగంలో ఇమాం సాహెబ్ ఒక్కమాట చెబితే, ఇంట్లో బాధను లోలోపలే దాచుకున్నవారు ఫోను చేయడానికి ధైర్యం చేస్తారు.