పంటికి కొత్త వేరు

ఒక పెద్దమనిషికి కింది దవడపన్ను ఒకటి పోయింది. దంతవైద్యురాలు ఆ చోట దవడ ఎముకలో సన్నని రంధ్రం చేసి, టైటానియం అనే లోహంతో చేసిన చిన్న మరను బిగించారు. దానినే ఇంప్లాంటు అంటారు. నాలుగైదు రోజులకు వాపు తీసింది. మూడో వారానికి నొప్పి అన్నమాటే లేదు. "నాకు పూర్తిగా తగ్గిపోయింది డాక్టరుగారూ, ఇక పన్ను పెట్టెయ్యండి" అన్నాడాయన. "తగ్గింది నొప్పి మాత్రమేనండీ. గాయం ఇంకా మానలేదు. మూడు నెలలు ఆగాలి" అన్నారామె.

నొప్పి పోయిన తరువాత ఇంకా మానవలసినది ఏమున్నది? ఆ మూడు నెలలూ దవడలోపల ఏం జరుగుతుంది? జిగురు లేకుండా, సిమెంటు లేకుండా లోహపు మరను ఎముకలో పట్టి ఉంచేది ఏమిటి? ఈ సంగతులు అర్థం కావాలంటే ముందుగా మన సొంత పన్ను ఎలా నిలబడి ఉన్నదో తెలుసుకోవాలి.

పన్ను అంటే చిగురు పైన కనిపించే భాగం ఒక్కటే కాదు. దాని వేరు దవడ ఎముకలోని గుంటలో దిగి ఉంటుంది. అయితే వేరు ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. రెండింటి నడుమ మిల్లీమీటరులో ఇంచుమించు అయిదో వంతు మందం గల నారల పొర ఉంటుంది. ఈ నారల ఒక కొస పంటివేరులోను, మరొక కొస ఎముకలోను నాటుకొని ఉంటాయి. నులకమంచం మీద కూర్చుంటే నులక కాస్త సాగి మన బరువును పట్టెలకు అందిస్తుంది. అలాగే మనం నమిలేటప్పుడు పంటిమీద పడే ఒత్తిడిని ఈ నారలు ఎముకకు అందిస్తాయి. ఈ పొరలో స్పర్శను తెలిపే నాడులు కూడా ఉన్నాయి. అన్నంలో చిన్న రాయి పంటికింద పడగానే మనం ఉలిక్కిపడేది వీటివల్లనే. పన్ను పోయినప్పుడు ఈ నారల పొర కూడా పోతుంది. దానిని మళ్లీ తెచ్చి పెట్టడం సాధ్యం కాదు. కాబట్టి కృత్రిమమైన వేరును నిలబెట్టడానికి మరొక మార్గం కావలసి వచ్చింది.

ఆ మార్గం దంతాలకు సంబంధం లేని ఒక పరిశోధనలో దొరికింది. స్వీడన్ దేశానికి చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు 1952లో లుండ్ విశ్వవిద్యాలయంలో ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో పరిశీలిస్తున్నాడు. అందుకోసం కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గొట్టాన్ని అమర్చి, దాని గుండా సూక్ష్మదర్శినితో చూసేవాడు. పరిశీలన పూర్తి అయిన తరువాత ఆ గొట్టాన్ని తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక దానిని గట్టిగా పట్టుకొని ఉన్నది. అప్పటివరకు వైద్యుల నమ్మకం వేరుగా ఉండేది. బయటి వస్తువు ఏది ఒంట్లో దిగినా శరీరం దాని చుట్టూ మెత్తని పొర అల్లి వేరుచేస్తుందని వారు అనుకొనేవారు. ఈ గొట్టం విషయంలో అలా జరగలేదు.

ఊడిరాని గొట్టాన్ని చూసి విసుక్కొని ఊరుకోక, ఎందుకు రాలేదని ఆలోచించడంలోనే ఆ శాస్త్రజ్ఞుని గొప్పతనం ఉన్నది. అనేక ప్రయోగాల తరువాత 1965లో గోథెన్‌బర్గ్ నగరంలో ఆయన మొదటిసారిగా ఒక మనిషి దవడలో టైటానియం మరలను అమర్చాడు. ఆ మరలు 2006లో ఆ రోగి మరణించేవరకు, అంటే నలభై ఏళ్లకు పైగా, పనిచేశాయి. అయినా తోటి వైద్యులు చాలాకాలం దీనిని నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరంటో నగరంలో జరిగిన సమావేశం తరువాతనే ఈ పద్ధతి అనేక దేశాలకు వ్యాపించింది. ఎముక లోహంతో ఇలా ఏకమైపోవడాన్ని 'ఆసియోఇంటిగ్రేషన్' అంటారు.

టైటానియంలోనే ఈ గుణం ఎందుకు కనిపించింది? ఈ లోహానికి గాలి సోకగానే దానిమీద అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. కంటికి కనిపించని ఆ పొర లోహాన్ని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అందువల్ల లోహం ఒంట్లోని ద్రవాలలో కరిగి చుట్టూ ఉన్న కణాలను బాధించదు. ఈ లోహపు ఖనిజం మనకు దూరమైనది కాదు. ఒడిశాలో గంజాం జిల్లా ఛత్రపురం వద్ద, తమిళనాడులో కన్యాకుమారి జిల్లా మణవాళక్కురిచ్చి వద్ద సముద్రతీరపు ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ అనే ఖనిజం దొరుకుతుంది. అందులో టైటానియం ఉన్నది.

ఇప్పుడు మళ్లీ ఆ పెద్దమనిషి దవడలోకి వద్దాం.

ఎముక అనగానే రాయివంటి జీవం లేని వస్తువు అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఎముకలో రక్తనాళాలు ఉన్నాయి. ప్రాణమున్న కణాలు ఉన్నాయి. పాత ఎముకను కరిగించే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని. ఈ రెండు రకాల కణాలూ మన జీవితకాలమంతా పనిచేస్తూనే ఉంటాయి. అందుకే వైద్యులు రంధ్రం చేసేటప్పుడు ఎంతో జాగ్రత్త వహిస్తారు. తిరిగే బరమా రాపిడికి ఎముక వేడెక్కుతుంది. 47 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక కణాలు దెబ్బతింటాయని పరిశోధకులు గుర్తించారు. అందుచేత రంధ్రం చేస్తున్నంతసేపూ దానిమీద చల్లని ఉప్పునీటిని ధారగా పోస్తారు.

మరను బిగించగానే రంధ్రంలో ఊరిన రక్తం మర చుట్టూ చేరి గడ్డకడుతుంది. ఈ రక్తపు గడ్డ మనకు అసహ్యంగా కనిపించవచ్చు గాని, మానడానికి అదే పునాది. అందులో ఫైబ్రిన్ అనే సన్నని దారాలు వలలాగా అల్లుకొంటాయి. రక్తంలోని ఫలకికలు 'ఇక్కడ గాయమైంది, రండి' అన్నట్లుగా కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ పిలుపు అందుకొని మొదట తెల్లరక్తకణాలు వచ్చి సూక్ష్మక్రిములను, చితికిన కణాల ముక్కలను శుభ్రం చేస్తాయి. ఆ వెనుక కొత్త రక్తనాళాలు గడ్డలోనికి చొచ్చుకొని వస్తాయి. రక్తం అందిన తరువాతనే ఎముక కట్టే కణాలు వచ్చి పని మొదలుపెడతాయి.

ఆ కణాలు మొదట కొల్లాజెన్ అనే మెత్తని నారలను పరుస్తాయి. తరువాత వాటిమీద కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు చేరి గట్టిపడతాయి. ఒకటి రెండు వారాలలో కొత్త ఎముక కనిపించడం మొదలవుతుంది. రంధ్రపు గోడ నుండి మర వైపుకు కొంత, నేరుగా మర ఉపరితలం మీదనే కొంత ఏర్పడుతుంది. మర నున్నగా ఉంటే ఫైబ్రిన్ దారాలకు పట్టు చాలదు. అందువల్ల ఈ కాలపు మరల ఉపరితలాన్ని సూక్ష్మంగా గరుకు చేస్తున్నారు. ఈ తొలి ఎముక త్వరగా తయారవుతుంది గాని, దాని నారలు చిక్కుపడ్డ దారంలాగా అడ్డదిడ్డంగా ఉంటాయి. దానికి బలం తక్కువ.

ఇదే సమయంలో మరొక పని కూడా జరుగుతూ ఉంటుంది. రంధ్రం చేసినప్పుడు నలిగిన పాత ఎముకను కరిగించే కణాలు తొలగిస్తూ ఉంటాయి. మొదటిరోజు మరను బిగువుగా పట్టుకొని ఉన్నది ఆ పాత ఎముకే. అది కరుగుతున్నది, కొత్త ఎముక ఇంకా బలపడలేదు. కాబట్టి మూడు నాలుగు వారాల నాటికి మర పట్టు మొదటి రోజుకంటె తగ్గుతుంది. రోగికి నొప్పి పోయి, అంతా బాగున్నదనిపించే రోజులూ, లోపల మర బలహీనంగా ఉండే రోజులూ ఒక్కటే కావడం గమనించదగిన విషయం. వైద్యురాలు ఆగమన్నది ఇందుకే.

వరినాట్లు చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. నారుమడిలో పచ్చగా ఉన్న నారును పీకి పొలంలో నాటితే కొన్నాళ్లు వాడి పసుపుపచ్చగా మారుతుంది. పాత వేళ్లు తెగిపోయాయి, కొత్త వేళ్లు ఇంకా దిగలేదు. తరువాత మూన తిరిగి పచ్చబడుతుంది. ఆ మధ్యకాలంలో ఎవరైనా చేనిలో దిగి మొక్కలను కదిలిస్తే అవి బ్రతకవు.

మర విషయంలోనూ కదలికే పెద్ద శత్రువు. నమిలేటప్పుడు మర మిల్లీమీటరులో ఏడో వంతుకు మించి మాటిమాటికీ కదులుతూ ఉంటే, దాని చుట్టూ ఎముకకు బదులు మెత్తని నారల కణజాలం పెరుగుతుంది. అది మరను పట్టి ఉంచలేదు. పట్టు లేని మరను తీసివేయడం తప్ప వేరే దారి ఉండదు.

కదపకుండా కాపాడితే తరువాతి వారాలలో అడ్డదిడ్డపు ఎముక స్థానంలో పొరలు పొరలుగా అమరిన దృఢమైన ఎముక వస్తుంది. కింది దవడ ఎముక గట్టిది. అక్కడ మూడు నెలలు, పై దవడ ఎముక గుల్లగా ఉంటుంది గనుక అక్కడ ఆరు నెలలు ఆగడం మొదటినుండీ ఉన్న పద్ధతి. గరుకు మరలు వచ్చిన తరువాత ఈ గడువు చాలామందికి తగ్గింది. మొదటినాడే మరకు మంచి పట్టు దొరికితే కొందరికి వెంటనే తాత్కాలికమైన పన్ను పెట్టడం కూడా ఉన్నది. ఎవరికి ఎంతకాలం అవసరమో నిర్ణయించవలసినది వైద్యులే.

ఎముక సంగతి ఇలా ఉండగా, పైన చిగురు కూడా మానాలి. చిగురు పని వేరు. నోటిలో లెక్కలేనన్ని సూక్ష్మక్రిములు ఉంటాయి. అవి ఎముక దాకా దిగకుండా చిగురు వాకిలి మూసి కావలి కాయాలి. మరపైన అమర్చిన లోహపు మెడ చుట్టూ చిగురు పైపొర కణాలు పాకి వచ్చి దానికి అంటుకొంటాయి. వాటి కింద నారల కణజాలం పట్టీవలె బిగుసుకొంటుంది. ఈ రెండూ కలిసి మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున కాపుదల గోడ అవుతాయి. ఇది కుదురుకోవడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది.

అయితే సొంత పంటి చుట్టూ ఉన్న చిగురుకూ, దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. సొంత పంటి వద్ద చిగురు నారలు వేరులోనికే నాటుకొని ఉంటాయి. లోహంలోనికి నారలు దిగలేవు. అవి మర వెంబడి నిలువుగానూ, చుట్టూ ఉంగరంలాగానూ ఉంటాయి. పైగా పంటి నారల పొర లేనందువల్ల దాని నుండి రావలసిన రక్తం కూడా ఇక్కడ అందదు. అందుచేత మర చుట్టూ ఉన్న కోట గోడ సొంత పంటి గోడ కంటె బలహీనమైనది. పాచి పేరుకొంటే ముందు చిగురు ఎర్రబడి వాస్తుంది, తోముకొంటే నెత్తురు వస్తుంది. ఆ దశలో శుభ్రం చేయించుకొంటే మళ్లీ నయమవుతుంది. నిర్లక్ష్యం చేస్తే జబ్బు ఎముకకు దిగుతుంది. మరను పట్టుకొన్న ఎముక కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. పోయిన ఎముకను తిరిగి రాబట్టడం చాలా కష్టం. లోహానికి పిప్పి పట్టదు గనుక ఇక భయం లేదని అనుకోవడం అందుకే ప్రమాదకరం.

పొగాకు రక్తనాళాలను కుదించి గాయానికి రక్తం సరిగా అందకుండా చేస్తుంది. మధుమేహం అదుపులో లేనివారిలోనూ గాయం ఆలస్యంగా మానుతుంది. అందుకే మర బిగించడానికి ముందే వైద్యులు ఈ రెండింటి గురించీ అడుగుతారు. వారి వద్ద నిజం దాచితే నష్టపోయేది మన ఎముకే.

మన పెద్దమనిషి మూడు నెలలూ ఓపిక పట్టాడు. ఆ వైపు గట్టి పదార్థాలు నమలలేదు. చుట్ట మానాడు. రోజూ రెండు పూటలా మెత్తని బ్రష్షుతో మర చుట్టూ తోముకొన్నాడు. గడువు తీరాక వైద్యురాలు పరీక్షించి, మర కదలడం లేదని నిర్ధారించుకొని, దానిపై పన్ను అమర్చారు. "మీరు బిగించిన మర ఎంత గట్టిదండీ!" అని ఆయన మెచ్చుకొన్నాడు. "నేను బిగించిన పట్టు నెలరోజులలోనే సగం పోయి ఉంటుందండీ. ఇప్పుడున్న పట్టు మీ ఎముక కట్టుకొన్నది" అని ఆమె నవ్వారు.

వైద్యులు గాయం మానడానికి తగిన వసతులు కల్పిస్తారు. మాన్పుకొనేది మాత్రం మన శరీరమే. ఆ పనికి అది అడిగేవి నాలుగే: రక్తం, శుభ్రత, కదలని స్థితి, కొంతకాలం. మొదటి మూడింటినీ మనం సమకూర్చవచ్చు. కాలాన్ని మాత్రం ఎవరూ తొందరపెట్టలేరు.

ప్రశ్నలు

1. సొంత పంటివేరు దవడ ఎముకలో ఎలా నిలబడి ఉంటుంది?
2. బ్రోనెమార్క్ పరిశోధనలో అనుకోకుండా బయటపడిన విషయం ఏమిటి? దానిని ఆయన ఎలా ఉపయోగించాడు?
3. మూడు నాలుగు వారాల నాటికి మర పట్టు ఎందుకు తగ్గుతుంది?
4. మర చుట్టూ ఉన్న చిగురుకూ, సొంత పంటి చుట్టూ ఉన్న చిగురుకూ గల భేదాలను రాయండి.
5. "నొప్పి తగ్గడం వేరు, గాయం మానడం వేరు." ఈ మాటను పాఠం ఆధారంగా వివరించండి.