కాటి సీను: ప్రేక్షకుల తీర్పు

నాటకం దృశ్యకావ్యం. శ్రవ్యకావ్యాన్ని పాఠకుడు ఒంటరిగా కూర్చుండి ఆస్వాదిస్తాడు. నాటకాన్ని వందలమంది ఒక్కచోట చేరి ఆస్వాదిస్తారు. అందువల్ల నాటకానికి పండితుల విమర్శ ఒకటి, ప్రేక్షకుల విమర్శ మరొకటి ఉంటాయి. మొదటిది గ్రంథాలలో నిలుస్తుంది. రెండవది రచ్చబండ మీద, టీ దుకాణం ముందు, రైలు పెట్టెలో పుట్టి నోటి నుండి నోటికి సంచరిస్తుంది. ఈ రెండవ విమర్శకు వందేళ్ళకు పైగా గురి అవుతూ వస్తున్న నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1912లో రచించిన సత్యహరిశ్చంద్రీయం. జనవ్యవహారంలో దాని పేరు హరిశ్చంద్ర నాటకం. మరింత క్లుప్తంగా అడిగితే ‘కాటి సీను’ అంటారు.

ఈ నాటకాన్ని గురించి నాటకాభిమానులు ఏమనుకొంటున్నారో తెలుసుకోవడానికి కర్నూలు జిల్లా పశ్చిమభాగం అనువైన చోటు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, ఆస్పరి ప్రాంతాలలో తెలుగు, కన్నడం పక్కపక్కనే వినిపిస్తాయి. పండుగలకు, జాతరలకు పద్యనాటకం ఆడే ఊళ్ళు ఉన్నాయి. బళ్ళారి వైపు నుండి వచ్చిన బయలాట తెలిసిన ఊళ్ళూ ఉన్నాయి. హార్మోనియం మాస్టారును పిలిపించుకొని, పగలంతా పొలంలో పనిచేసినవారు రాత్రిళ్ళు పద్యాలు వల్లించి రంగమెక్కుతారు. ఇక్కడి ప్రేక్షకునికి పద్యం పుస్తకంలోనిది కాదు, పొరుగింటివాని గొంతులోనిది. అందుచేత అతడు నిర్మొహమాటంగా తీర్పు చెబుతాడు.

ఈ ప్రాంతానికి నాటకరంగ చరిత్రలో మరొక సంబంధమూ ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఇది బళ్ళారి జిల్లాలో అంతర్భాగం. విభజనలో బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రానికి చెందగా, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు దక్కాయి. ఆ బళ్ళారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు. ఇద్దరూ న్యాయవాదులే. రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. మన ఆలంకారికులు నాటకం మంగళాంతంగా ఉండాలన్నారు. మరణాన్ని రంగం మీద చూపరాదన్నారు. ఆ కట్టుబాటును దాటి, పేరులోనే విషాదాన్ని ప్రకటించి నాటకం రాయడం ఆనాటికి సాహసం.

అయితే విచిత్రమేమిటంటే, విషాదాంతాన్ని తెలుగువారికి పరిచయం చేసిన ఈ గడ్డమీద కూడా జనం గుండెలో విషాదనాటకంగా నిలిచినది సారంగధర కాదు, మంగళాంతమైన హరిశ్చంద్రే. ఎందుకు?

కథ మీకు తెలియనిది కాదు. మార్కండేయ పురాణంలోని ఈ వృత్తాంతాన్ని పదిహేనవ శతాబ్దిలో గౌరన ద్విపదకావ్యంగా చెప్పాడు. విశ్వామిత్రునికి రాజ్యం ధారపోసిన హరిశ్చంద్రుడు ఇంకా ఋణగ్రస్తుడుగానే మిగిలాడు. అప్పు వసూలుకు నక్షత్రకుడు వెంటపడ్డాడు. కాశీలో భార్యాబిడ్డలను కాలకౌశికునికి అమ్మాడు. తాను వీరబాహునికి అమ్ముడుపోయి శ్మశానానికి కాపరి అయ్యాడు. పాము కరచి మరణించిన లోహితుణ్ణి మోసుకొని చంద్రమతి అర్ధరాత్రి ఆ శ్మశానానికే వచ్చింది. కాటి సుంకం చెల్లించనిదే దహనానికి వీలులేదన్నాడు కాపరి. ఆమె వద్ద కాసు లేదు. మెడలోని మంగళసూత్రం అమ్మరాదా అని అడిగాడు. భర్తకు తప్ప అన్యులకు కనిపించని సూత్రమది. ఆ ఒక్క మాటతో ఎదుట ఉన్నది ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

ఈ కథలో దేవతలున్నారు, ఋషులున్నారు, ఇంద్రసభలో వసిష్ఠ విశ్వామిత్రుల పంతం ఉంది. కాని వాటిని పక్కన పెట్టి చూడండి. మిగిలేది అప్పు. ఇంట్లో ఉన్నదంతా ఇచ్చివేసినా తీరని అప్పు, వదలని వసూలుదారు, ఊరు విడిచిపోవడం, కుటుంబం చెదరిపోవడం. ఆస్పరి వంటి వర్షాధారపు నేలల్లో వాన మొగం చాటేసిన సంవత్సరం కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తితీతలకు పోతాయి. పిల్లలను అవ్వాతాతల వద్ద వదలిపోయేవారు కొందరు, చదువు మాన్పించి వెంటబెట్టుకొని పోయేవారు కొందరు. అటువంటి ప్రేక్షకునికి వారణాసి వీధిలో భార్యను అమ్మకానికి నిలబెట్టిన రాజు పురాణపురుషుడుగా కనిపించడు. ‘నక్షత్రకునిలా వెంటబడ్డాడు’ అనే నానుడి తెలుగునాట ఎందుకు పుట్టిందో వేరుగా చెప్పనక్కరలేదు. అన్నట్లు, తన నాటకంలో బలిజేపల్లివారు స్వయంగా ధరించిన పాత్ర నక్షత్రకుడే.

ఇక అభిమానుల వాదాలకు వద్దాం. అన్నింటికంటె పాత తగవు పద్యం గురించి. పద్యం చివర రాగం ఎంతసేపు సాగాలి? ఒక వర్గం వారికి నాటకమంటే ఆలాపనే. డి.వి. సుబ్బారావు వంటి హరిశ్చంద్ర పాత్రధారుల పేరు నేటికీ వారు భక్తితో ఉచ్చరిస్తారు. గ్రామఫోను రికార్డులలోను, పిమ్మట క్యాసెట్లలోను ఆ గొంతులు విన్నవారు కొత్త నటుని ప్రతి పద్యాన్నీ వాటితో పోల్చి చూస్తారు. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అంటారు. బిడ్డ శవంపై పడి విలపిస్తున్న చంద్రమతి లేచి, హార్మోనియం వైపు చూచి, అదే పద్యం మళ్ళీ అందుకొంటుంది. దుఃఖం ఏమైనట్లు?

ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవాడు బళ్ళారి రాఘవ (1880-1946). రామకృష్ణమాచార్యుల మేనల్లుడు, ఆయనా న్యాయవాదే. పద్యాన్ని రాగంతో సాగదీయడాన్ని రాఘవ అంగీకరించలేదు. భావం ముందు, రాగం తరువాత అన్నది ఆయన పద్ధతి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టినదీ ఆయనే. ఆయన మార్గం విమర్శకులను మెప్పించింది. జనం మాత్రం రాగాన్ని విడిచిపెట్టలేదు. ఈ తగవులో జనం పూర్తిగా పొరబడ్డారని నేను అనుకోను. రాత్రంతా నేలమీద కూర్చున్న మనిషికి తన దుఃఖాన్ని తలచుకోవడానికి కొంత వ్యవధి కావాలి. మంచి గాయకుడు రాగంలో ఆ వ్యవధిని ఇస్తాడు. తన గొంతును ప్రదర్శించడానికి సాగదీసేవాడు దానిని హరిస్తాడు. తేడా రాగంలో లేదు, పాడేవానిలో ఉంది. కాని శవం మీదినుండి లేచి పాడే రెండవ పాటకు ఏ సమర్థనా లేదు.

కాంట్రాక్టు నాటకాల కాలంలో మరొక వింత అలవాటు ప్రబలింది. ఒకే రాత్రి ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు పేరున్న నటులు పంచుకొంటారు. వారణాసిలో ఒక హరిశ్చంద్రుడు, కాటిలో మరొక హరిశ్చంద్రుడు. పాత్ర ఏకత్వం చెడిపోయిందని చదువుకొన్నవారి ఆక్షేపణ. కరపత్రం చదివి నటుల కోసం వచ్చినవారికి అది పండుగ. ఏ హరిశ్చంద్రుడు మేలు అనే చర్చ మరునాటి పనిపాటల్లో కూడా సాగుతుంది.

విలువైన తగవు మరొకటి ఉంది. అది కాటి సీనులో వినిపించే జాషువ పద్యాల గురించి. గుఱ్ఱం జాషువ (1895-1971) శ్మశానవాటిని గురించి రచించిన పద్యాలను నటులు హరిశ్చంద్రుని నోట పలికించసాగారు. మూలనాటకంలో లేని ఆ పద్యాలు కాలక్రమంలో కాటి సీనుకు ప్రాణంగా మారాయి. వాటిని వినకుంటే ప్రేక్షకుడు నాటకం చూచినట్లు భావించడు. కవి రాయని పద్యాలు చేర్చడం నాటకకర్తకు అన్యాయమని కొందరంటారు. గ్రంథపరిష్కరణ దృష్టితో చూస్తే వారి మాట సరియే. తాళపత్రప్రతులలో ప్రక్షిప్తాలను ఏరివేయడమే వృత్తిగా గలవారికి ఇది సహించరాని విషయం. కాని ఇక్కడ చేరినది ఏమిటో గమనించాలి. రాజు, కవి, పసిబిడ్డ, కులీనుడు, అంత్యజుడు అనే తేడా లేకుండా అందరినీ బూడిదగా మార్చే చోటు గురించిన చింతన అది. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి చేసిన చింతన. సింహాసనం కోల్పోయి శ్మశానసేవకుడైన రాజు ఆ పద్యాలను పలికినప్పుడు వాటికి పుస్తకంలో లేని బరువు వస్తుంది. ఒకప్పుడు జాషువను పంక్తిలో కూర్చోనివ్వని సమాజమే, నాటకం పందిట్లో ఆయన పద్యానికి చప్పట్లు కొట్టింది. పద్యం ఎవరిదో తెలియకనే కొట్టినవారు కూడా అందులో ఉన్నారు. ఆ సంగతి ప్రేక్షకుల గొప్పతనమా, లోపమా అన్నది మీరు తరగతిలో చర్చించదగినది.

చంద్రమతి విషయంలో ఈ తరం అభిమానులు, ముఖ్యంగా విద్యార్థినులు, వేసే ప్రశ్న సూటిగా ఉంటుంది. మాట ఇచ్చినవాడు హరిశ్చంద్రుడు. అమ్ముడుపోయినది ఆమె. అతని సత్యానికి ఆమె ఎందుకు మూల్యం చెల్లించాలి? పెద్దలు దీనికి పాతివ్రత్యం అని ఒక్క మాటలో సమాధానం చెబుతారు. ఆ సమాధానం చాలదు. రంగస్థలం మీద చూచినప్పుడు మాత్రం మరొకటి కనిపిస్తుంది. కాటిలో హరిశ్చంద్రునికి ఒక ధర్మం ఉంది, పట్టుకొని నిలబడడానికి దొర ఆజ్ఞ ఉంది. చంద్రమతికి బిడ్డ శవం తప్ప మరేమీ లేదు. నటి సమర్థురాలైతే ప్రేక్షకుల చూపు సత్యవంతుని విడిచి ఆమె వైపు మళ్ళుతుంది. నాటకం పేరు హరిశ్చంద్రునిదైనా కన్నీరు ఆమెది.

మనసును కలతపెట్టే దృశ్యాన్ని డబ్బిచ్చి మరీ, మళ్ళీమళ్ళీ చూడడం ఎందుకు? ఈ సందేహం మన ఆలంకారికులకూ కలిగింది. పదునాలుగవ శతాబ్దికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దీనిని చర్చించాడు. కరుణరసంలో దుఃఖమే ఉంటే దాని కోసం ఎవరూ ముందుకు రారు గదా, రసికులు వస్తున్నారంటే అందులో ఆనందం ఉన్నట్లే గదా అని ఆయన వాదం. ఆయన శాస్త్రప్రమాణం కంటె ప్రేక్షకుల అనుభవాన్నే సాక్ష్యంగా నిలబెట్టాడు. గాంధీజీ బాల్యంలో హరిశ్చంద్ర నాటకం చూచి, దానిని తనలో తాను లెక్కలేనన్ని సార్లు అభినయించుకొన్నట్లు, తలచుకొని ఏడ్చినట్లు ఆత్మకథలో రాశాడు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన ‘లే మిజరబుల్’ నవల ఆధారంగా రూపొందిన సంగీతనాటకం ఆంగ్లరూపం 1985లో లండనులో మొదలైంది. తొలి ప్రదర్శనలను పత్రికా విమర్శకులు పలువురు తీసిపారేశారు. జనం టికెట్ల కోసం బారులు తీరారు. రొట్టె దొంగిలించి ఖైదు అనుభవించినవాడు, అతనిని జీవితాంతం వెంటాడే అధికారి, కూతురి కోసం సర్వమూ అమ్ముకొనే తల్లి. హరిశ్చంద్ర తెలిసిన తెలుగు ప్రేక్షకునికి ఈ ముగ్గురూ పరాయివారు కారు. తేడా ఏమిటంటే, అక్కడ ఒక సంస్థ హక్కులతో, నిర్ణీతమైన స్వరాలతో నాటకం నడుస్తుంది. ఇక్కడ హరిశ్చంద్రకు యజమాని లేడు. ప్రతి ఊరూ తన గొంతుకు తగినట్లు కుదించుకొంటుంది, పెంచుకొంటుంది.

ఆ కుదింపులో చివరి తగవు ఉంది. మూలకథలో, కాశీరాజు కుమారుణ్ణి చంపిందన్న అభియోగం చంద్రమతిపై పడుతుంది. శిరచ్ఛేదం చేయవలసినవాడు హరిశ్చంద్రుడే. అతడు కత్తి ఎత్తగానే దేవతలు ప్రత్యక్షమవుతారు. లోహితుడు బ్రతుకుతాడు, రాజ్యం తిరిగి వస్తుంది. పురాణం ప్రకారం ఇది పరీక్ష, అంతే. కాని అనేకచోట్ల కాటి సీనును మాత్రమే విడిగా ప్రదర్శిస్తారు. సమయం చాలకనో, ఖర్చు తగ్గించుకోవడానికో మొదలైన ఈ పద్ధతి వల్ల ఆ రాత్రికి నాటకం విషాదాంతమే అవుతుంది. కథ పూర్తి చేయకుండా తెర దించడం అశుభమని పెద్దవారు కొందరు మంగళహారతి పాడించిగాని లేవరు. మరికొందరు, అసలు నాటకం సుంకం అడిగినచోటనే ముగిసిందని, దేవతలు వచ్చి చేసేదేమీ లేదని అంటారు. కరువు సంవత్సరాలలో అప్పుకు దేవతలు అడ్డుపడడం చూడనివారి మాట అది. ధర్మవరంవారు శాస్త్రాన్ని ధిక్కరించి తెచ్చిన విషాదాంతాన్ని, పల్లె ప్రేక్షకులు ఏ శాస్త్రమూ చదవకుండా, ఒక రంగాన్ని తగ్గించి సాధించుకొన్నారు.